పెద్దింటి వియ్యము

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 18వ అధ్యాయము, 1 రాజులు 9వ అధ్యాయము, 2 దినవృత్తాంతములు 18, 22 అధ్యాయములు.



గత మాసమందు ఒక సాయంకాలము మా సంఘపెద్దలలో ఒకరు నా యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండి చాలసేపు ఏమియు మాటలాడలేదు. అమ్మగారు టీ తెచ్చి యిచ్చిన తరువాత గాని ఆయన నోరు తెరువలేదు. "అయ్యగారూ, బిడ్డకు సంబంధమొచ్చింది. పెద్దింటోళ్ళు. హైదరాబాదుల పోరనికి మంచి నౌకరీ. మూడెకరాలు అమ్మి పెట్టుకుంటే నా బిడ్డ సుఖపడ్తది," అని చెప్పెను. ఆ కుటుంబమెవరో, ఆ పిల్లవాడెచ్చట పని చేయుచున్నాడో ఇచ్చట వ్రాయను. మూడెకరములు మాత్రము మీకు తెలిసినవే. మా వంటి ఊళ్ళలో అది ఒక కుటుంబమునకు ఉన్నదంతయు.

పెద్దింటితో వియ్యమనగా ఏమని నేను ఆలోచించుచుండగా, మూడు దినములకే హైదరాబాదునకు పోవలసి వచ్చినది. నానక్‌రాంగూడ దగ్గర కట్టుచున్న మేడలలో కూలికి పోయిన మన వారు ఒక రేకుల గుడిసెలో ప్రార్థనకూటము పెట్టుకొని నన్ను పిలిచిరి. వికారాబాదులో రైలెక్కితిని. ఆ దారి మీలో అనేకులకు తెలియును. శంకరపల్లి, లింగంపల్లి, హఫీజుపేట, హైటెక్ సిటీ, బేగంపేట, ఆ తరువాత సికిందరాబాదు. ఈ బాట 1874లో నిజాము ప్రభుత్వకాలమందు పడినది. ఎన్నియో మారులు ఆ బండిలో పోయితిని గాని, ఆ స్టేషనుల పేళ్ళలో ఒకే కుటుంబముయొక్క చరిత్ర దాగియున్నదని ఇటీవలనే గ్రహించితిని. సెమినరీలో ఇశ్రాయేలు రాజుల వరుసయు, యూదా రాజుల వరుసయు కంఠస్థము చేసితిని. నేను పుట్టిన నేలకు జాగీర్దారు ఎవరో అడిగినచో చెప్పలేకపోయెడివాడను!

ఆ కుటుంబము పేరు పాయిగా వారు. ఈ మాట పారసీక భాషనుండి వచ్చినది. అశ్వశాల యనియు, స్థానము, హోదా యనియు దానికి అర్థములు చెప్పుదురు. రెండును వారికి సరిపోవును. ఏలయనగా నిజాము కొరకు గుఱ్ఱపు దండును పోషించుట వారి పని. ఆ దండు ఖర్చుకై వారికి జాగీరు గ్రామములు ఇయ్యబడెను. రాజ్యములో నిజాము తరువాతి ఆసనము వారిది.

వీరి పూర్వికుడు అబుల్ ఖైర్ ఖాన్ అను సేనాని మొదటి నిజాము కొలువులో ఉండెను. అతని కుమారుడు అబుల్ ఫతే ఖాన్ రెండవ నిజాము కాలమున ఈ పాయిగా జాగీరును సంపాదించి, షమ్సుల్ ఉమ్రా అను బిరుదు పొందెను. అనగా ప్రభువులలో సూర్యుడని అర్థము. గుఱ్ఱములు, కత్తులు, నమ్మకమైన కొలువు, వీటితో ఆ యిల్లు లేచినది. అయితే దానిని ఎత్తుగా నిలిపినది కత్తి కాదు, పెండ్లి.

అబుల్ ఫతే ఖాన్ కుమారుడైన ఫక్రుద్దీన్ ఖానునకు రెండవ నిజాము తన కుమార్తె బషీరున్నీసా బేగమును ఇచ్చెను. ఆ బేగముకు కట్నముగా వచ్చిన నేలయే బేగంపేట యని చెప్పుదురు. బేగముయొక్క పేట గనుక బేగంపేట. 1 రాజులు 9వ అధ్యాయములో గెజెరు అను పట్టణము సంగతి చూడుడి. ఐగుప్తు రాజైన ఫరో దానిని పట్టుకొని, తగులబెట్టి, అందున్న వారిని చంపి, సొలొమోనుకు ఇచ్చిన తన కుమార్తెకు దానిని కట్నముగా చేసెను. ఒక ఊరు ఊరే అరణముగా పోయినది! ఆ ఊరిలో నున్నవారి అభిప్రాయమును ఫరో అడుగలేదు. బేగంపేటను ఎవరును తగులబెట్టలేదు గాని, పొలము దున్నువారిని అడిగి కట్నమిచ్చిన రాజు మాత్రము ఎచ్చటను కనబడడు.

ఈ ఫక్రుద్దీన్ ఖాన్ సామాన్యుడు కాడు. మామగారి సింహాసనమును చూచి మురిసి కూర్చుండక, 1834లో ఒక విద్యాలయము స్థాపించి, పాశ్చాత్య దేశముల విజ్ఞానశాస్త్ర గ్రంథములను ఉర్దూలోనికి తర్జుమా చేయించి అచ్చు వేయించెను. ఆ కాలమందు మన పల్లెలలో బడి యను మాటయే అరుదు. గొప్పవారి వైభవమును వ్రాయునపుడు ఈ విషయమును దాటిపోవుట న్యాయము కాదు గనుక వ్రాయుచున్నాను.

అతని తరువాత ఆ యిల్లు మూడు శాఖలైనది. ఆస్మాన్ జా, ఖుర్షీద్ జా, వికారుల్ ఉమ్రా అను ముగ్గురు ప్రభువులు. ఈ ముగ్గురును అయిదవ నిజామైన అఫ్జలుద్దౌలా కుమార్తెలను వివాహమాడిరి. ఆరవ నిజామైన మహబూబ్ అలీ ఖానునకు ముగ్గురును బావలే. సంబంధము ఊరకపోలేదు. ఆస్మాన్ జా 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవమునకు నిజాము పక్షమున లండనుకు పోయెను. ఆ కాలమందే రాజ్యమునకు ప్రధానమంత్రి ఆయెను. ఆయన తరువాత 1893 మొదలుకొని 1901 వరకు వికారుల్ ఉమ్రా ప్రధానమంత్రి. మన వికారాబాదునకు ఆ పేరు ఈయనను బట్టియే వచ్చినది. నవంబరు నెలలో ధారూరు జాతరకు పోవునపుడు మీరు దిగు స్టేషను పేరు ఒక నిజాము అల్లుని పేరు అని పిల్లలకు చెప్పుడి.

ఆ వికారుల్ ఉమ్రా 1884లో ఒక కొండమీద మేడకు పునాది వేసెను. దాదాపు పది సంవత్సరములు కట్టించెను. ఇటలీ చలువరాళ్ళు, నూటొక్క మంది ఒక్కమారే కూర్చుండి భుజించు బల్ల, రంగు అద్దములు. ఫలక్‌నుమా అని పేరు పెట్టిరి. ఆకాశమునకు అద్దమని అర్థము చెప్పుదురు. కట్టుట ముగియునప్పటికి అప్పులు మెడవరకు వచ్చినవి. 1897 ప్రాంతములో ఆ మేడ బావమరిదియైన నిజాము చేతికి పోయినది. అతిథిగా వచ్చిన నిజామునకు అది నచ్చెననియు, వికారుల్ ఉమ్రా మర్యాదకు కానుకగా సమర్పించెననియు, నిజాము దానికి మూల్యము చెల్లించెననియు చెప్పుదురు. మర్యాదయో, అప్పుల బాధయో, రెండును కలిసియో! పెద్దింటి వియ్యములో ఇది గమనింపదగిన సంగతి. చుట్టమునకు తగినట్లు కట్టవలెను, తగినట్లు పెట్టవలెను. చివరకు కట్టినది చుట్టమునకే పోవును.

ఫలక్‌నుమాకు 1906 ఫిబ్రవరిలో ఒక గొప్ప అతిథి వచ్చెను. ఆయన అప్పటి ఇంగ్లండు యువరాజు; 1910లో అయిదవ జార్జి అను పేరుతో రాజైనవాడు. ఈ జార్జి పుట్టిన యిల్లు ఇంగ్లీషు ఇల్లు అని మనము అనుకొందుము. పితృవంశమును బట్టి చూచినచో అది జర్మను యిల్లు. ఆ యింటి సంగతి మన సంఘములవారు తప్పక తెలిసికొనవలెను; ఎందుకనగా మార్టిన్ లూథరు చరిత్ర చదివినవారు ఆ యింటి తలుపు ఒకసారి దాటియే యున్నారు.

సాక్సనీ దేశమున వెట్టిన్ అను ప్రభువంశము కలదు. ఆ వంశములోని ఫ్రెడరిక్ అను ప్రభువే 1521లో లూథరును శత్రువుల చేతికి చిక్కకుండ వార్ట్‌బర్గు కోటలో దాచెను. ఆ కోటలో కూర్చుండియే లూథరు క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి మార్చెను; 1522 సెప్టెంబరులో అది అచ్చైనది. ఫ్రెడరిక్ 1525లో మరణించెను. ఆయనకు వివాహము లేదు. తమ్ముడు యోహాను సంతతివలన ఆ శాఖ నిలిచినది. 1547లో ముల్‌బర్గు యుద్ధమందు వారు ఓడి, గొప్ప పదవిని పోగొట్టుకొని, చిన్న చిన్న సంస్థానములుగా చీలిపోయిరి. మూడు వందల ఏండ్లకు కోబర్గు అను చిన్న సంస్థానము మిగిలెను. సైన్యము స్వల్పము, ధనము స్వల్పము. వారికి మిగిలినది పిల్లలు!

ఆ పిల్లలతో వారు ఏమి చేసిరో చూడుడి. లియోపోల్డ్ అను చిన్నకుమారుడు 1816లో ఇంగ్లండు రాజ్యమునకు వారసురాలైన షార్లెట్టును పెండ్లాడెను. మరుసటి సంవత్సరమే ఆమె ప్రసవమందు మరణించెను. అయినను అతడు 1831లో బెల్జియమునకు రాజాయెను. అతని అన్నకొడుకు ఒకడు 1836లో పోర్చుగలు రాణికి భర్త. మరియొక అన్నకొడుకు ఆల్బర్టు 1840లో విక్టోరియా రాణికి భర్త. విక్టోరియా తల్లియు ఆ యింటి ఆడపడుచే. 1887లో ఆ వంశపువాడొకడు బల్గేరియా ప్రభువాయెను. ఒక్క ఊరంత సంస్థానము, అరువది ఏండ్లలో నాలుగు రాజ్యముల సింహాసనముల దగ్గర కూర్చుండెను.

ఫలక్‌నుమాకు వచ్చిన జార్జి ఆ ఆల్బర్టు మనుమడు. 1914లో యుద్ధము వచ్చెను. జర్మను పేరు ఇంగ్లండులో దుర్వాసన ఆయెను. 1917 జూలైలో జార్జి తన వంశముయొక్క జర్మను పేరును విడిచి, విండ్సర్ అను కోట పేరును ఇంటిపేరుగా పెట్టుకొనెను. పెండ్లిండ్లచేత కట్టిన చుట్టరికములేవియు ఆ యుద్ధమును ఆపలేదు. జర్మనీ చక్రవర్తియు విక్టోరియాకు మనుమడే కదా! ఒకే అవ్వ ఒడిలో పెరిగిన మనుమలు ఒకరిపై ఒకరు ఫిరంగులు పేల్పించిరి.

ఇంక మన హైదరాబాదునకు వత్తము. ఏడవ నిజాము ఉస్మాన్ అలీ ఖాన్ తన కుమారులకు ఇంకను దూరమైన, ఇంకను ఎత్తైన సంబంధము వెదకెను. తురుష్క దేశమందు 1924లో ఖలీఫా పదవి రద్దాయెను. ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీదు దేశభ్రష్టుడై ఫ్రాన్సు దేశమున నీస్ పట్టణములో కాపురముండెను. నిజాము అతనికి నెలకు మూడు వందల పౌనులు పంపుచుండెను. 1931 నవంబరు 12వ తేదీన ఆ నీస్ పట్టణములోనే పెద్ద కుమారుడు ఆజం జా ఖలీఫా కుమార్తె దుర్రు షెహవారును, చిన్న కుమారుడు మొఅజ్జం జా ఆ వంశపు పిల్ల నిలోఫరును వివాహమాడిరి. ఒక ప్రక్క సింహాసనము లేని గొప్ప వంశము, మరియొక ప్రక్క వంశగౌరవము ఇంకను కావలెనను గొప్ప ధనము.

ఆ రెండు పెండ్లిండ్లలో సుఖమెంతో నేను లెక్కింపను. నిలోఫరునకు సంతానము కలుగలేదు; 1952లో విడాకులు అయినవి; 1989లో పారిసులో మరణించెను. అయితే తన పరిచారిక ఒకతె ప్రసవమందు చనిపోవుట ఆమె హృదయమును కదిలించెను. ఆమె ప్రయత్నమువలన తల్లులకును శిశువులకును ఒక ఆసుపత్రి లేచినది. 1953 మొదలు అది నిలోఫరు ఆసుపత్రి. మనలో ఎందరు జ్వరముతో కాలుచున్న బిడ్డను ఎత్తుకొని రాత్రి బస్సులో అచ్చటికి పరుగెత్తలేదు? పెద్దింటి కోడలు మన పిల్లలకు విడిచిన ఆస్తి అది. మేడలు మనకు చూచుటకే. ఆసుపత్రి మంచము మనది.

1948 సెప్టెంబరులో నిజాము రాజ్యము భారతదేశములో కలిసినది. 1949 ఆగస్టులో జాగీరులు రద్దాయెను. పాయిగాలు కూడ పోయినవి. వేల చదరపు మైళ్ళ భూమిమీద శిస్తు తీసికొని, స్వంత పోలీసును, స్వంత న్యాయస్థానములను నడిపినవారు నగదు పరిహారము పుచ్చుకొనువారైరి. మిగిలిన ఆస్తికి వారసులు అనేకులు. 1958లో ఖుర్షీద్ జా పాయిగా ఆస్తులగూర్చి హైకోర్టులో విభజన వ్యాజ్యము పడినది. హఫీజుపేట భూములు ఆ వ్యాజ్యములోనివే. ఆనాడు ఆ భూమి రాళ్ళు, తుప్పలు, మేకలు మేయు బీడు. 1998 నవంబరు 22వ తేదీన ప్రక్కనున్న మాదాపూరులో సైబర్ టవర్సును ప్రధానమంత్రి వాజపాయిగారు ప్రారంభించిరి. అప్పటినుండి ఆ బీటిలో గజము గజమునకు ధర పెరిగెను, ధరతోపాటు వ్యాజ్యములును పెరిగెను. వారసులు, కొన్నవారు, ప్రభుత్వము, మరల కొన్నవారు. దాఖలై ఆరు దశాబ్దములు దాటినను ఆ తగవు న్యాయస్థానములను విడువలేదు. రాజు అల్లుని భూమియే ఇట్లు చిక్కుపడినచో, పాసుపుస్తకములో ఒక్క అక్షరము తప్పుపడిన మన సన్నకారు రైతు సంగతి మీరే యోచించుడి.

బేగంపేటలో వికారుల్ ఉమ్రా కట్టించిన మరియొక మేడ కలదు. పాయిగా ప్యాలెసు అందురు. 2008 మొదలు అది అమెరికా కాన్సులేటు. వీసా కొరకు మన పల్లెల పిల్లల కాగితములు కూడ ఆ మేడ గుమ్మము దాటినవి. 2023 మార్చిలో ఆ కార్యాలయము అచ్చటనుండి లేచి నానక్‌రాంగూడలోని క్రొత్త భవనమునకు మారినది. నేను ప్రార్థనకూటమునకు పోయినది ఆ ప్రాంతమునకే. గుడిసె గుమ్మములో నిలిచి చూచినచో చుట్టును అద్దముల మేడలు. ఈ కాలమందు గొప్ప యిల్లు అనగా వంశము కాదు, ఆ మేడలలో ఒకదానిలో కుర్చీ. మన పెద్దగారికి వచ్చిన సంబంధము కూడ అట్టి కుర్చీదే.

ఇప్పుడు దావీదును జ్ఞాపకము చేసికొనుడి. 1 సమూయేలు 18లో రాజు తన కుమార్తెను ఇచ్చెదనన్నపుడు అతడు ఎగిరి గంతులు వేయలేదు. నేను ఎంతటివాడను, నా యిల్లు ఎంతటిదని వెనుదీసెను. పెద్దకూతురిని ఇచ్చెదనని చెప్పి సౌలు మరియొకనికి ఇచ్చెను. చిన్నకూతురు మీకాలు అతనిని ప్రేమించెనని విని, ఆ ప్రేమనే ఉరిగా మలచెను. మామ అల్లునికి కోరిన ఓలి ఫిలిష్తీయుల ప్రాణములు. మామ కోరిక యేమనగా ఆ ప్రయత్నములో అల్లుడు చావవలెనని. తరువాత మీకాలును ఒక యింటినుండి మరియొక యింటికి మార్చిరి. ఆమె ఇష్టమును అడిగినవాడు ఒకడును ఆ గ్రంథములో నాకు కనబడలేదు.

యెహోషాపాతు సంగతి ఇంకను కఠినము. అతడు మంచి రాజు, ఐశ్వర్యమునకు తక్కువ లేదు. అయినను అహాబు ఇంటితో వియ్యమందెను. ఆ వియ్యమువలన అతల్యా యూదా రాజగృహములో అడుగుపెట్టెను. కాలము వచ్చినప్పుడు రాజవంశపు పిల్లలనందరిని చంపించెను. ఒక్క పసివాడు బ్రదికెను. వానిని దాచినది ఎవరు? రాజు కుమార్తెయే, యెహోషెబతు. ఆమె ఏ రాజునకు భార్య? రాజునకు కాదు, యాజకునికి. రాజు కూతురు మందిరపు గదిలో కాపురము చేసెను గనుకనే ఆ పసివానికి దాగుటకు చోటు దొరికినది. పెద్దింటినుండి చిన్నింటికి వచ్చిన పెండ్లి అది. మన పెండ్లి పెద్దలు ఆ వైపు సంబంధమును వెదకుట నేనింతవరకు చూడలేదు.

తిరుగు ప్రయాణములో హఫీజుపేట స్టేషనులో ఆ పెద్దగారి కుమార్తెయే నా బండి ఎక్కినది. మాదాపూరులో ఒక కార్యాలయమందు ఆ పిల్ల పని చేయుచున్నది; శనివారము గనుక ఇంటికి వచ్చుచుండెను. వికారాబాదు వరకు కూర్చుండుటకు చోటు లేదు; నిలిచియే మాటలాడితిమి. బేగంపేట సంగతి చెప్పితిని. ఆ పిల్ల నవ్వి, "అయ్యగారూ, ఆ బేగముకు ఊరన్నా ఇచ్చిండ్రు. మా నాయన అమ్మేది అమ్మి పైసలు వాళ్ళ చేతుల పెడ్తడు. నా పేరు మీద ఏముంటది?" అనెను.

నాకు వెంటనే జవాబు దొరకలేదు. కట్నము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు 1961 మొదలుకొని చట్టమునకు విరోధమని నాకు తెలియును. వివాహములు జరిపించు మేము అది తెలిసియే కన్నులు మూసికొనిన దినములు కలవని సిగ్గుతో ఒప్పుకొనుచున్నాను. మరియొక చట్టము కలదు. దానిని మన సంఘములలో చెప్పువారు తక్కువ. 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము క్రైస్తవుడు వీలునామా వ్రాయక మరణించినచో, భార్యకు మూడవ వంతు పోగా, మిగిలినది కుమారులకును కుమార్తెలకును సమానముగా చెందును. కట్నమిచ్చితిమి గనుక కూతురికి భాగము లేదనునది మన ఊరి మాట, చట్టము మాట కాదు. ఈ సంగతి రైలులో నిలుచుండియే ఆ పిల్లకు చెప్పితిని. ఆమె మరల అడిగి, రెండవసారి చెప్పించుకొనెను.

"అయితే నాయనతోని మీరే చెప్పుండ్రి. భూమి అమ్మొద్దని. అమ్మకుంటే చేసుకోమంటె, వాళ్ళనే వద్దందాము," అనెను.

ఆ రాత్రియే పెద్దగారి యింటికి పోయి చెప్పితిని. ఆయన కోపపడెను. "మంచి సంబంధం పోతే మళ్ళ మీరు తెస్తారా, అయ్యగారూ?" అనెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. ముప్పది యేండ్లు ఆ మూడెకరములలో ఎండకు ఎండి, వానకు తడిసి, బిడ్డను చదివించిన తండ్రి అడిగిన ప్రశ్న అది. దానికి ఒక వాక్యభాగము చదివి బదులు చెప్పలేము. నేను ఏమియు అనలేదు. ఆయన భార్య లోపలినుండి వచ్చి, "బిడ్డె అట్లంటున్నది కద," అని ఒక్క మాట అని మరల లోపలికి పోయెను.

వచ్చు ఆదివారము ఆరాధనయైన తరువాత పిల్లవాని తరపువారు మాటలాడుటకు వచ్చుచున్నారు. నిన్న పెద్దగారు తానే వచ్చి నన్ను అచ్చట కూర్చుండుమని అడిగెను. వచ్చెదనంటిని. పిల్లను కూడ కూర్చుండబెట్టవలెనంటిని. కొంతసేపు ఆలోచించి సరే అనెను. పాసుపుస్తకము ఎక్కడ నున్నదని అడిగితిని. ఇంకను పెట్టెలోనే ఉన్నదట.